"ఏ ప్లేయర్ ఉన్నా సరే" అనే డిపెండెన్సీ: డెబియన్‌లో పదేళ్లు వాడాక

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన డెబియన్ 8వ వెర్షన్ 2015లో వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో కంప్యూటర్లన్నీ డెబియన్ మీదే నడుస్తున్నాయి. ఈ సమీక్ష మొత్తం డెబియన్ గురించి కాదు. అందులో నాకు బాగా నచ్చిన, చాలామంది గమనించకుండా వాడేసే ఒక్క సదుపాయం గురించి. ఒక ప్యాకేజీ "నాకు ఫలానా వీడియో ప్లేయరే కావాలి" అని పట్టుబట్టకుండా, "వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు" అని చెప్పగలగడం.

పద్ధతి తేలికే. ప్యాకేజీ అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కట్టిపెట్టిన ప్రోగ్రామ్. దాని వివరాల్లో డిపెండ్స్ అనే లైన్ ఉంటుంది, తప్పనిసరిగా కావాల్సినవాటి (డిపెండెన్సీల) పేర్లు అందులో రాస్తారు. అక్కడ రెండు పేర్ల మధ్య నిలువు గీత పెడితే "లేదా" అని అర్థం. వాటిలో ఏదైనా ముందే ఉంటే ప్యాకేజీలు ఎక్కించే, తీసే పరికరం ఆప్ట్ ఇక దేన్నీ దింపదు. ఏదీ లేకపోతే మామూలుగా మొదటి పేరునే ఎక్కిస్తుంది. ఇంకో దారి ఉమ్మడి పేరు, దాన్నే వర్చువల్ ప్యాకేజీ అంటారు. మెయిల్ పంపే ప్రోగ్రాములైన ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ రెండూ, తాము అందించేవి చెప్పే ప్రొవైడ్స్ లైన్‌లో "మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్" అని చెప్పుకుంటాయి. మెయిల్ పంపాల్సిన ప్యాకేజీ ఆ పేరు అడిగితే చాలు, ఏది ఉన్నా పని జరుగుతుంది.

దీని విలువ నాకు ఊళ్లో అమ్మ కంప్యూటర్ దగ్గర తెలిసింది. అక్కడ ఇంటర్నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. అమ్మకు వీఎల్‌సీ ప్లేయర్ అలవాటు. కొత్త ప్రోగ్రామ్ ఏది వేసినా వెనకాలే ఇంకో ప్లేయర్, దాని లైబ్రరీలు దిగుతుంటే ఆ రోజు డేటా అక్కడే అయిపోయేది. పైగా వీడియో నొక్కితే కొత్త ప్లేయర్ తెరుచుకునేది. "ఇదేంట్రా, నా బొమ్మ ఏమైంది?" అని అమ్మ ఫోన్ చేసేది. డిపెండ్స్‌లో వీఎల్‌సీ పేరు కూడా ఉన్న ప్యాకేజీలతో ఈ టెన్షన్ ఒక్కసారీ రాలేదు.

అయితే ఒక అనుభవం నా ఆలోచన మార్చింది. వీడియో క్లిప్పులు చూసుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వాడేవాణ్ణి. దాని డిపెండ్స్‌లో ఒకే ఒక్క ప్లేయర్ పేరు ఉంది. ఆ ప్లేయర్ తీసేయబోతే, ప్రోగ్రామ్ కూడా పోతుందని ఆప్ట్ చెప్పింది. ఈక్వివ్స్ అనే పరికరంతో అదే పేరున్న ఉత్తుత్తి ప్యాకేజీ తయారుచేసి పెట్టాను. ఆప్ట్ ఒప్పుకుంది. కానీ ప్రోగ్రామ్ తెరిచి ప్లే నొక్కితే ఏమీ జరగలేదు. లోపల అది ఆ ప్లేయర్ కమాండ్‌నే పేరుపెట్టి పిలుస్తోంది మరి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. "తగిన ప్లేయర్" అంటే ఏమిటి? వీడియోను 90వ సెకను నుంచి మొదలుపెట్టాలనుకోండి. ఎంపీవీకి "స్టార్ట్" అని చెప్పాలి, వీఎల్‌సీకి "స్టార్ట్-టైమ్" అనాలి, ఎంప్లేయర్‌కి "ఎస్ఎస్" అనాలి. ఒకదాని భాష ఇంకోదానికి రాదు. ఆన్‌లైన్ వీడియోలను దింపుకునే యూట్యూబ్-డీఎల్ మంచి ఉదాహరణ. దాని అప్పటి డెబియన్ ప్యాకేజీలో, తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచివని చెప్పే రికమెండ్స్ లైన్‌లో, ప్లేయర్లలో ఎంపీవీ, ఎంప్లేయర్ రెండిటి పేర్లే కనిపించేసరికి, వీఎల్‌సీ ఏం పాపం చేసిందని మొదట్లో కోపం వచ్చింది. తర్వాత కోడ్ చూశాను. ఆర్‌టీఎస్‌పీ అనే పద్ధతిలో ప్రసారమయ్యే వీడియోలను దింపడానికి అది ఆ రెండు ప్లేయర్లనే నేరుగా పిలుస్తుంది, ఒక్కోదానికి విడిగా ఆప్షన్లు రాసి మరీ. అక్కడ "ఏ వీడియో ప్లేయర్ అయినా" అని రాసి ఉంటే అది అబద్ధం అయ్యేది.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం ఇది. ఫైల్ తెరిస్తే చాలనుకునే ప్రోగ్రామ్‌కు ఉమ్మడి పేరే మేలు. ఆప్షన్లు పంపి ప్లేయర్‌ను నడిపించే ప్రోగ్రామ్ అయితే, తయారుచేసినవాళ్లు నిజంగా పరీక్షించిన పేర్లనే వరసగా రాయాలి. ప్లేయర్ లేకపోయినా ప్రోగ్రామ్ బతుకుతుందంటే డిపెండ్స్‌లో కాకుండా రికమెండ్స్‌లో పెట్టాలి, వద్దనుకున్నవాళ్లు మానేస్తారు.

మన భాషవాళ్లకు ఇంకో సంగతి కూడా ఉంది. తెలుగు సబ్‌టైటిల్స్‌లో వత్తులు సరిగా పడాలంటే అక్షరాలను కూర్చే పని ప్లేయర్‌కు తెలియాలి. ఎంపీవీ వాడే సబ్‌టైటిల్ లైబ్రరీ లిబ్ఆస్, అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ సాయంతో ఆ పని చేస్తుంది. నేను గతంలో వాడిన ఒక పాత ప్లేయర్‌లో "అమ్మ" అనే మాట "అమ్‌మ" అని విడిపోయి కనిపించేది. డిపెండెన్సీ లెక్కలో రెండూ సమానమే. నా కళ్లకు మాత్రం కాదు.

కొత్తగా వాడేవాళ్లకు రెండు మాటలు. మీకు నచ్చిన ప్లేయర్‌ను ముందు వేసుకుని, తర్వాతే మిగతా ప్రోగ్రాములు వేయండి. ముందే ఇంకో ప్లేయర్ దిగిపోయి ఉంటే అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆప్ట్ కమాండ్ ఆటోరిమూవ్ దాన్ని తీసేస్తుందని ఎదురుచూడకండి. "లేదా" వరసలో దాని పేరు ఉన్నంతకాలం అవసరమైనదిగానే లెక్కేసి ఉంచేస్తుంది. మీరే పేరుపెట్టి తీసేయాలి. వరసలో ఉన్న ఇంకో ప్లేయర్ మీ దగ్గర ఉంటే ప్రోగ్రామ్ అలాగే ఉంటుంది. మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మ కంప్యూటర్‌లో అలాగే చేశాను. వీఎల్‌సీ ఒక్కటే మిగిలింది, వేరే ఏ ప్రోగ్రామూ పోలేదు.