రాత్రికి మాలియా సరే, మరి పగలు?

గ్రీస్‌లోని క్రీట్ ద్వీపంలో బీచ్, పాత పేట, రాత్రి సందడి మూడూ ఒకేచోట కావాలంటే నా లెక్కలో రెండు ఊళ్లు తేలతాయి: మాలియా, రెథిమ్నో. రెండూ ఉత్తర తీరంలోనే. విమానం దిగే హెరాక్లియన్ నుంచి మాలియా తూర్పున సుమారు 35 కిలోమీటర్లు, రెథిమ్నో పడమర 80 దాకా. ద్వీపంలో రైలు లేదు, బస్సులే గతి. అవి బాగానే నడుస్తాయి.

మాలియా అంటే బీచ్ రోడ్డు. వరసగా బార్లు, క్లబ్బులు, క్వాడ్ బైకులు అద్దెకిచ్చే షాపులు. వేసవిలో బ్రిటన్ కుర్రకారు గుంపులుగా దిగుతారు, తెల్లారేదాకా మోతే. ఆ వీధిలో రూమ్ తీసుకుంటే నిద్ర మీద ఆశ వదులుకోవాలి. అయితే మెయిన్ రోడ్డు దాటి దక్షిణానికి వెళ్తే పాత మాలియా ఉంది: ఇరుకు సందులు, సున్నం వేసిన ఇళ్లు, చిన్న చర్చిలు, నింపాదిగా తినే టవెర్నాలు (గ్రీకు భోజనశాలలు). బీచ్ రోడ్డు కోసం వచ్చినవాళ్లలో చాలామంది అటువైపు తొంగి కూడా చూడరు. ఊరికి 3 కిలోమీటర్ల దూరంలో మినోవన్ల (క్రీట్ ప్రాచీన నాగరికత వాళ్లు) రాజప్రాసాద శిథిలాలున్నాయి, 2025లో యునెస్కో జాబితాకెక్కాయి. అక్కడి తవ్వకాల్లో దొరికిన బంగారు తేనెటీగల లాకెట్ మాత్రం హెరాక్లియన్ మ్యూజియంలో ఉంది. వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో చూసుకోవచ్చు.

రెథిమ్నోలో పాత పేటను వెతుక్కోనక్కర్లేదు, ఊరి నడిబొడ్డే అది. ఒకప్పుడు ద్వీపాన్ని ఏలిన వెనిస్ వాళ్ల రాతి గుమ్మాలు, వాటి మీద తర్వాత వచ్చిన ఒట్టోమన్ తురుష్కుల కాలపు చెక్క బాల్కనీలు, మధ్యలో ఒక మినార్. సింహాల నోళ్ల నుంచి నీళ్లు పడే రిమోండి ఫౌంటెన్ 1626 నాటిది. సముద్రపు దొంగలు ఊరిని దోచాక 1573లో ఫోర్టెజా కోట కట్టడం మొదలుపెట్టారు. అంత పెద్ద కోటా 1646లో ఒట్టోమన్ల చేతికి పోయింది. సాయంత్రం కోట మీంచి సూర్యాస్తమయం చూసి సందుల్లోకి దిగితే బల్లలన్నీ నిండి ఉంటాయి. క్రీట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు చాలామంది ఇక్కడే ఉంటారు కాబట్టి బార్లకు స్థానికులూ వస్తారు. మాలియా స్థాయి డాన్స్ ఫ్లోర్లు మాత్రం ఆశించకండి. ఇసుక బీచ్ ఊరి నుంచే మొదలై తూర్పుకి కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది.

తిండికి రెండు చోట్లా ఇబ్బంది లేదు. శాకాహారులు డాకోస్ (ఎండు రొట్టె మీద టమాటా, చీజ్), ఫావా అడగండి. ఫావా మన ముద్దపప్పుకి దూరపు చుట్టం. గెమిస్తాలో (అన్నం కూరిన కూరగాయలు) కొన్నిచోట్ల కీమా కలుపుతారు, ముందే కనుక్కోండి.

నా ఓటు రెథిమ్నోకే, అమ్మానాన్నలతోనో జంటగానో వెళ్తే మరీనూ. తెల్లవార్లూ ఆడాలనుకునే స్నేహితుల బృందమైతే మాలియా వెళ్లండి, రూమ్ మాత్రం పాత ఊళ్లో తీసుకోండి. బ్రిటన్‌లో చదువుకునే మనవాళ్లకు ఒక మాట: అక్కడి వీసా గ్రీస్‌లో చెల్లదు, షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. శీతాకాలంలో మాలియా బీచ్ రోడ్డు చాలావరకు షట్టర్లు దించేస్తుంది. అప్పుడైతే ఆలోచన కూడా అక్కర్లేదు, రెథిమ్నోయే.