బ్యాంకు ఖాతాతో వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్: ఎవరికి గిట్టుబాటు?

ప్రీమియం ఖాతా తెరిస్తే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉచితం అని బ్యాంకులు ఊరిస్తుంటాయి. అందులో ఉచితమేమీ లేదు. నెలనెలా కట్టే రుసుములోనే దాని ఖర్చు కలిసి ఉంటుంది. రుసుము లేని ఖాతా అయితే పెద్ద మొత్తాన్ని కనీస నిల్వగా ఉంచమంటారు. ఆ డబ్బు డిపాజిట్‌లో ఉంటే వచ్చే వడ్డీయే మీరు కడుతున్న ప్రీమియం.

ముందే తేల్చి చెప్పాలంటే, ఏడాదికి రెండు మూడు చిన్న ప్రయాణాలు చేసే, దీర్ఘకాలిక జబ్బులేవీ లేని కుటుంబానికి ఇది మంచి బేరమే. పిల్లల దగ్గర నెలల తరబడి ఉండి రావడానికి వెళ్లే పెద్దవాళ్లకు మాత్రం చాలావరకు అక్కరకు రాదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, అది నిజంగా ట్రావెల్ ఇన్సూరెన్సేనా అని. చాలా కార్డులతో వచ్చేది ప్రమాద బీమా మాత్రమే. విమాన ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో డబ్బిస్తుంది. పరాయి దేశంలో అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ చేయించుకుంటే పైసా రాదు. పాలసీ పత్రంలో అత్యవసర వైద్యం, రోగిని స్వదేశానికి చేర్చే ఖర్చు, ప్రయాణం రద్దు, సామాను అనే నాలుగు విభాగాలూ, ఒక్కోదానికి పరిమితీ కనిపించాలి. వీటిలో మొదటి రెండే ప్రాణం. బ్యాగు పోతే తట్టుకోగలం, ఐసీయూ బిల్లును తట్టుకోలేం.

ఇది గ్రూపు పాలసీ. పాలసీదారు బ్యాంకు, మీరు అందులో బీమా పొందే వ్యక్తి మాత్రమే. అందుకే ముందస్తు నోటీసు ఇచ్చి బ్యాంకు బీమా కంపెనీని మార్చవచ్చు, పరిమితులు తగ్గించవచ్చు, ఆ సౌకర్యాన్నే ఎత్తేయవచ్చు. మీ పేరుతో సర్టిఫికెట్ దానంతటదే రాదు, అడిగి తీసుకోవాలి. షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా పనిచేసే వీసా) వెళ్లేవాళ్లకు ఇది ముఖ్యం: కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ, ఆ దేశాలన్నిటిలో, అక్కడ ఉండే రోజులన్నిటికీ ఉందని కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఖాతా స్టేట్‌మెంటు చూపిస్తే సరిపోదు.

అసలు చిక్కంతా ఆరోగ్య ప్రశ్నల దగ్గరే. విడిగా పాలసీ కొంటే కొనేటప్పుడే బీపీ ఉందా, షుగర్ ఉందా, మందులేం వాడుతున్నారు అని అడుగుతారు. ఖాతాతో వచ్చే పాలసీలో తరచుగా ఆ రోజు ఎవరూ ఏమీ అడగరు. అడిగేది క్లెయిమ్ రోజున, మీ పాత ప్రిస్క్రిప్షన్లు తెప్పించుకుని మరీ. జబ్బు సంగతి ఫోన్ చేసి చెప్పి, అవసరమైతే అదనపు ప్రీమియం కట్టి, రాతపూర్వక ఆమోదం తీసుకోవాల్సిన బాధ్యత మీదే అని నిబంధనల్లో రాసి ఉంటుంది. డాక్టరు మోతాదు మార్చినా, కొత్త పరీక్ష రాసినా, స్పెషలిస్టు అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూస్తున్నా అది కూడా చెప్పాల్సిన విషయమే కావచ్చు. కొన్ని పాలసీలు ఇంకో అడుగు ముందుకేస్తాయి: మీతో రాని తల్లికో తండ్రికో ముందునుంచి ఉన్న జబ్బు ముదిరి మీరు ప్రయాణం మానుకుంటే, ఆ రద్దు ఖర్చు ఇవ్వవు. ఆ వాక్యం ఎక్కడో లోపలి పేజీల్లో దాక్కుని ఉంటుంది, వెతకండి.

తర్వాతి దెబ్బ రోజుల లెక్క. ఒక్కో ప్రయాణానికి 31 రోజులనో, 45 రోజులనో పరిమితి ఉంటుంది. 40 రోజుల ప్రయాణంలో మొదటి 31 రోజులకు కవరేజీ ఉంటుందని చాలామంది అనుకుంటారు. చాలా పాలసీల్లో అలా కాదు. పరిమితి దాటేలా టికెట్లు కొన్నప్పుడే ఆ ప్రయాణం మొత్తం కవరేజీ బయటికి పోతుంది, మూడో రోజు కాలు విరిగినా సరే. వయసు పరిమితీ అంతే. పుట్టినరోజు దాటితే కవరేజీ ఆగిపోతుంది, ఖాతా రుసుము మాత్రం ఆగదు.

కుటుంబం అంటే భార్యాభర్తలు, వాళ్ల మీద ఆధారపడిన పిల్లలు. అమ్మానాన్నలు సాధారణంగా ఉండరు. పిల్లలు ఒంటరిగానో స్కూలు బృందంతోనో వెళితే వర్తిస్తుందా, ఖాతాదారు వెంట లేకుండా జీవిత భాగస్వామి వెళితే వర్తిస్తుందా అన్నది పాలసీ పాలసీకీ మారుతుంది. టికెట్లు ఆ బ్యాంకు కార్డుతోనే కొనాలని షరతు పెట్టేవీ ఉన్నాయి. రివార్డు పాయింట్లతో టికెట్ తీసుకుంటే ఆ షరతు నెరవేరినట్టా కాదా అన్నది ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.

సామాను విభాగాన్ని చూసి ఖాతా ఎంచుకోకండి. మొత్తం పరిమితి ఘనంగా కనిపిస్తుంది కానీ, ఒక్కో వస్తువుకు వేరే పరిమితి, పాతబడినందుకు తరుగు, పైన మీరు భరించాల్సిన ఎక్సెస్ తీసేశాక మిగిలేది కొంచెమే. లాప్‌టాప్‌ను చెక్‌ఇన్ బ్యాగులో పెడితే చాలా పాలసీల్లో అదీ రాదు. విమానంలో సామాను పోతే మొదటి బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి ఆ బాధ్యతకు గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్లు). బెల్టు దగ్గర బ్యాగు రాకపోతే విమానాశ్రయం వదలకముందే పీఐఆర్ (సామాను అందలేదని ఎయిర్‌లైన్స్ దగ్గర నమోదు చేయించే పత్రం) రాయించాలి. పాడైన సామానుకు 7 రోజుల్లో, ఆలస్యంగా అందినదానికి అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బీమా కంపెనీ కూడా ఆ కాగితాలే అడుగుతుంది.

గిట్టుబాటు లెక్క కాగితం మీద వేసుకోండి. నెల రుసుమును 12తో గుణించండి. ఖాతాతో వచ్చే మిగతావాటిలో, లేకపోతే మీరు డబ్బిచ్చి కొనుక్కునేవి ఏవో వాటి విలువ మాత్రమే తీసేయండి. ఎప్పుడూ వెళ్లని లాంజ్ విలువ సున్నా. ఆరోగ్య వివరాలు చెప్పాక పడే అదనపు ప్రీమియం కలపండి. వచ్చిన మొత్తాన్ని అవే వైద్య పరిమితులు, అదే ఎక్సెస్, అంతే మంది మనుషులు ఉన్న వార్షిక మల్టీ ట్రిప్ పాలసీ ధరతో పోల్చండి. ఒక్కరే, ఏడాదికి ఒకే ప్రయాణం అయితే విడి పాలసీయే చౌక కావడం మామూలు.

దీనికున్న అసలైన మేలును బ్యాంకులే సరిగ్గా చెప్పుకోవు. పాలసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది గనుక, రద్దు కవరేజీ ఉన్నవాటిలో అది టికెట్ కొన్న రోజునుంచే పనిచేస్తుంది. విడి పాలసీని బయల్దేరే ముందురోజు కొనేవాళ్లు ఆ మధ్య నెలల రక్షణ పోగొట్టుకుంటారు.

విదేశంలో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందు బీమా కంపెనీ సహాయ కేంద్రం (అసిస్టెన్స్) నంబరుకు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోవాలి. ప్రాణం మీదికి వస్తే చేరాక 24 గంటల్లోపైనా చెప్పడం మంచిది. ఆసుపత్రికి చెల్లింపు హామీ పంపేది ఆ సహాయ కేంద్రం వాళ్లే. చెప్పకపోతే బిల్లు మీ కార్డు మీద పడుతుంది. ఆ తర్వాత ఈ ఖర్చు అవసరమేనా అన్న వాదన మొదలవుతుంది. బ్యాంకు శాఖకు ఫోన్ చేసి లాభం లేదు.

ఖాతా మార్చాలనుకుంటే వరుస తప్పకండి. టికెట్లు కొని, ప్రయాణానికి ముందే ఖాతా మూసేస్తే ఆ రోజుతోనే కవరేజీ పోతుంది. ముందు కొత్త పాలసీ తీసుకోవాలి, ఇప్పటికే కొన్న టికెట్లకు అది వర్తిస్తుందని రాతపూర్వకంగా నిర్ధారించుకోవాలి, ఆ తర్వాతే పాతది మూసేయాలి.