ష్లెస్విగ్-హోల్‌స్టైన్: పడమటి తీరమా, తూర్పు తీరమా?

జర్మనీ ఉత్తర కొసన, డెన్మార్క్‌ను ఆనుకుని ఉన్న ఈ రాష్ట్రానికి రెండు సముద్రాలు: పడమట ఉత్తర సముద్రం, తూర్పున బాల్టిక్. రెండింటినీ కలుపుతూ 1895లో తెరిచిన కీల్ కాలువ వంద కిలోమీటర్లు కూడా ఉండదు. అంత దగ్గరగా ఉన్నా ఈ తీరాలు అక్కాచెల్లెళ్లలా కనిపించవు.

పడమట సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. కనుచూపు మేర బురద నేల బయటపడితే జనం చెప్పులు చేతపట్టుకుని దానిమీద నడుస్తారు. హాలిగ్‌లనే చిన్న లంకల్లో ఇళ్లను ఎత్తైన మట్టిదిబ్బలపై కడతారు. చలికాలపు తుఫానుకు పచ్చిక మొత్తం మునిగి, దిబ్బలు, పైకప్పులు మాత్రమే మిగులుతాయి. అక్కడివారికి అది మామూలే! 1362 నాటి తుఫాను రుంగ్‌హోల్ట్ అనే రేవు ఊరినే మింగేసింది. ఈ తీరపు పాత భాష ఫ్రీజియన్ ఇంకా కొందరి నోట నిలిచింది కూడా ఇటే.

తూర్పున ఆటుపోట్లు లేనట్టే. భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల ఒడ్డున ఫ్లెన్స్‌బర్గ్, కీల్ వంటి రేవులున్నాయి. హాన్సా వర్తక కూటమికి పెద్దదిక్కైన ల్యూబెక్‌లో హోల్‌స్టెన్ ద్వారం చూడాలి: మెత్తని నేలలో కుంగి, ఆ ఇటుక బురుజులు ఒకదానివైపు ఒకటి ఒరిగాయి. బాదం మిఠాయి మార్జిపాన్‌కూ ఆ ఊరు ప్రసిద్ధి. ఫ్లెన్స్‌బర్గ్‌లో డేనిష్ బడులున్నాయి. 1920 ప్రజాభిప్రాయ సేకరణతో ఖరారైన డెన్మార్క్ సరిహద్దుకు ఇవతల ఉండిపోయిన డేనిష్ జనానికి గుర్తు అది.

పిల్లలతో ఈతకైతే తూర్పే నయం. నా ఓటు మాత్రం పడమరకే. అయితే పోటు వేళ తెలియకుండా, గైడ్ లేకుండా ఆ బురదలోకి దిగకండి.