ఫ్యూయల్ సెల్ లోపం పట్టడానికి ఇంపెడెన్సా, అయస్కాంత క్షేత్రమా?

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ వోల్టేజీ పడిపోయిందంటే లోపలి పొర ఎండిపోయి ఉండొచ్చు, లేదా నీరు నిలిచి ఉండొచ్చు. రెండింటికీ మందు వేరు. స్టాక్ (సెల్‌ల దొంతర) విప్పకుండానే ఏదో తేల్చాలి.

ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డు) పద్ధతిలో, నడుస్తున్న కరెంటుకు చిన్న ఏసీ అల కలిపి, రకరకాల ఫ్రీక్వెన్సీల దగ్గర స్పందన చూస్తారు. పొర ఎండితే ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర నిరోధం పెరుగుతుంది. నీరు నిండితే తేడా ముఖ్యంగా తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర బయటపడుతుంది. చిక్కూ అక్కడే: 0.1 హెర్ట్జ్ దగ్గర ఒక్క అలకే 10 సెకన్లు. ఈలోగా లోడు మారితే కొలత చెడినట్టే.

అయస్కాంత పద్ధతిలో సెల్‌కు తీగ కూడా తగిలించక్కర్లేదు. చుట్టూ సెన్సర్లు పెట్టి, కరెంటు ఎక్కడ తగ్గిందో లెక్కగడతారు. చోటు చెబుతుంది గానీ కారణం అంతగా చెప్పదు. పక్కన మోటారు తిరుగుతుంటే దాని అయస్కాంత క్షేత్రమూ కలిసి మరీ టెన్షన్.

వాహనంలో నా ఓటు ఇంపెడెన్స్‌కే. ఆ ఏసీ అలను అందులో ఉన్న కన్వర్టరుతోనే (వోల్టేజీ మార్చే పరికరంతోనే) పుట్టించొచ్చు.