చవక చాక్లెట్టా, ఖరీదైన చాక్లెట్టా: ఏది మేలు?

కిలోల లెక్కన దొరికే ఊరూపేరూ లేని చాక్లెట్లు కొనాలా, అదే డబ్బుకు తెలిసిన కంపెనీ బార్లు నాలుగు తక్కువైనా కొనాలా? పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే చాలా ఇళ్లలో ఇదే చర్చ. నన్నడిగితే కంపెనీ పేరు తర్వాత, ముందుగా రేపర్ వెనక చిన్న అక్షరాల్లో ఏ కొవ్వు రాశారో చూడండి.

మామూలు మిల్క్ చాక్లెట్‌లో పంచదార, పాలపొడి, కోకో బటర్ (కోకో గింజల్లోని కొవ్వు), కోకో ఉంటాయి. చవక రకాల్లో చాలావాటికి కోకో బటర్ తీసేసి, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (గట్టిపరచిన నూనె), కోకో పొడి వేస్తారు. దీన్నే బేకరీవాళ్లు కాంపౌండ్ అంటారు. మన నిబంధనల ప్రకారం చాక్లెట్‌లో కోకో బటర్ కాకుండా వేరే వెజిటబుల్ ఫ్యాట్ 5 శాతం దాటకూడదు, వేస్తే ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలి.

రుచిలో తేడా తెలియాలంటే రెండిట్లో ఒక్కో ముక్క నమలకుండా నాలుక మీద పెట్టుకోండి. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఒంటి వేడి 37. అందుకే మంచి ముక్క నోట్లో పెట్టిన కాసేపటికే జారిపోతుంది, కోకో వాసన ముక్కు దాకా వస్తుంది, చివర్లో చిన్న చేదు మిగులుతుంది. కాంపౌండ్‌లో ముందు తీపి కొడుతుంది, తర్వాత వెనిలా వాసన, అంతే. మింగాక కూడా అంగిలికి మైనంలా ఒక పూత అంటుకుని ఉంటుంది. నాకు అదే అస్సలు నచ్చదు.

అలాగని కాంపౌండ్ పనికిరానిదేం కాదు. ఇంట్లో అచ్చుల్లో పోసి చాక్లెట్లు చేయాలన్నా, కేకు మీద పూత వేయాలన్నా నేను దానికే ఓటేస్తాను. వేడినీళ్ల గిన్నె మీద కరిగించి పోస్తే చాలు, గట్టిపడుతుంది. అసలు చాక్లెట్‌కు టెంపరింగ్ కావాలి: డార్క్ అయితే 45 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31 దగ్గరకు తేవాలి. తేడా వచ్చిందా, తెల్లటి చారలు పడతాయి, అచ్చులోంచి ఊడిరాదు. మే నెల ఎండలో, కరెంటు పోయే ఇంట్లో అదంతా టెన్షనే.

ఎండలు ఖరీదైన బార్‌నూ వదలవు. షాపులో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన దాని మీద తెల్లటి పొర వస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. తింటే ఏమీ కాదు కానీ ఆ నునుపు పోతుంది, పొడిపొడిగా తగులుతుంది. వేసవిలో ఏసీ ఉన్న షాపులోనే కొనడం మేలు.

2024లో కోకో ధర అంతర్జాతీయ మార్కెట్‌లో టన్నుకు 10 వేల డాలర్లు దాటింది. ధర అలా పెరిగినప్పుడు కంపెనీలు కోకో తగ్గించే దారులు వెతుకుతాయి. కాబట్టి పేరున్న కంపెనీదైనా సరే, పూత పూసిన వేఫర్, బిస్కెట్ కొనేటప్పుడు లేబుల్ చదవాల్సిందే.

ఊరికే తినడానికైతే 10 రూపాయల చిన్న బారైనా కోకో బటర్ ఉన్నదే కొంటాను. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే మన గోదావరి జిల్లాల కోకోతో చేసిన డార్క్ చాక్లెట్లు హైదరాబాద్‌లో దొరుకుతున్నాయి. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అదీ ఏలూరు చుట్టుపక్కల కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో.