అత్తయ్య చీరలతో కుట్టించిన బొంత

మా మేనత్త గత మాఘమాసంలో కన్నుమూశారు. పెద్దకర్మ అయిన తరువాత ఆమె బీరువాలోని చీరలను ఎవరికైనా ఇచ్చేయమని ఇంట్లో పెద్దలు అన్నారు. పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదన్న పట్టింపు మా వైపు ఇంకా ఉంది. ఆరేళ్ల వయసు నుంచి నన్ను పెంచిన మనిషి చీరలను ఇచ్చేయడానికి నాకు చేతులు రాలేదు. వాటిలో నాలుగింటిని మూటగట్టుకుని, తెనాలిలో పాతచీరలతో బొంతలు కుట్టే ఒక చిన్న దుకాణానికి వెళ్లాను.

దుకాణం నడిపే పెద్దావిడ ఒక్కొక్క చీరనూ వెలుతురుకు పట్టి, నూలు ఎక్కడ పలచబడిందో వేళ్లతో తడిమి చూసి, "ఇది అమ్మగారు ఎప్పుడు కట్టేవారు?" అని అడిగి మరీ పక్కన పెట్టారు. పట్టుచీరను మాత్రం తిరిగి ఇచ్చేశారు. అది నూలు పొరల మధ్య నిలవక జారుతుందని, మడతల దగ్గర చిట్లుతుందని చెప్పారు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడిన రెండు వెంకటగిరి చీరలను అలా లోపల పరిచి, మంగళగిరి చీరను పైకీ కిందికీ వచ్చేలా చుట్టారు. మొత్తం తొమ్మిది పొరలు. చీరను ఎక్కడా నిలువునా కోయలేదు కనుక మంగళగిరి చీరలకు ఉండే నిజాం అంచు అనే జరీ అంచు రెండు వైపులా చెక్కుచెదరకుండా నిలిచింది. కుట్టంతా చేతికుట్టే. మిషను కుట్టు దగ్గరదగ్గరగా పడి పాత నూలును చింపుతుందని, చేతికుట్టు కాస్త వదులుగా ఉంటుంది కనుక బట్ట లాగినా పోగు తెగదని ఆవిడ వివరించారు.

అత్తయ్య తాళంచెవినీ చిల్లరనూ కొంగున ముడివేసుకునేవారు. ఏళ్ల తరబడి ముడి పడిన ఆ మూల నలిగి, రంగు వెలిసి, ఎంత ఇస్త్రీ చేసినా సాఫు కాదు. ఆ మూలను కత్తిరించమంటారా అని ఆవిడ అడిగారు, నేను వద్దన్నాను. బొంత చేతికి వచ్చాక చూస్తే ఆ మూల పైవైపునే ఉంది. ముడతల మీద సూది పడనీయకుండా చుట్టూ కుట్టి వదిలారు. చెప్పకుండానే ఇంత ఆలోచించినందుకు నేను ఆ దుకాణానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

లోపాలు లేకపోలేదు. మూడు వారాల్లో ఇస్తామన్నది ఐదు వారాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు వెళ్లినా సరైన జవాబు రాలేదు. అంచు చుట్టూ నన్ను అడగకుండా నీలం పట్టీ వేశారు. పైనున్న ఆకుపచ్చ మంగళగిరి చీరకు అది నప్పలేదు. కుట్టుకూలి 1,800 రూపాయలు తీసుకున్నారు, అన్ని రోజుల చేతిపనికి అది ఎక్కువని నేను అనను. ఏదైనా తిథికి అందాలనుకునేవారు రెండు నెలల ముందే ఇవ్వడం మంచిది. చీరలను గంజి లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి తీసుకువెళ్లాలి.

నాన్నగారు తన అక్క చీరలను ఇంట్లో ఉంచడానికి ముందు ఒప్పుకోలేదు, బొంత తెచ్చిన రోజు దాని వైపు చూడనైనా లేదు. ఇప్పుడు మధ్యాహ్నం పడుకునేటప్పుడు దానిని ఆయనే పరుచుకుంటున్నారు, నలిగిన ఆ మూల చేతికి అందే వైపు పెట్టుకుని.