నా 125 సిసి బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ: కలిసొచ్చిందా, లేదా?

మోటార్‌సైకిల్‌కు ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే డబ్బు కట్టి కంపెనీ వారంటీని పొడిగించుకునే ప్లాన్, తీసుకోవాలా వద్దా అని అడిగితే చాలామంది ధర గురించే మాట్లాడతారు. రెండు వేల లోపే కదా, తీసుకుంటే పోయేదేముంది అంటారు. నేను మాత్రం ముందు రెండు సంగతులు అడుగుతాను. మీ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? వారంటీ ఉన్నా లేకపోయినా మీరు సర్వీసింగ్ షోరూమ్‌లోనే చేయిస్తారా? ఈ రెండూ తెలియకుండా కొనాలో వద్దో తేల్చలేం.

నేను నల్లగొండ జిల్లాలో గోపాలమిత్రగా పనిచేస్తాను. కనగల్, చండూరు వైపు ఊళ్లకు వెళ్లి ఆవులకు, బర్రెలకు ఎద సూదులు వేస్తాను, అంటే కృత్రిమ గర్భధారణ చేస్తాను. బండి పక్కన లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ ఉంటుంది. మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండే ఆ క్యాన్‌లోనే వీర్యం నింపిన సన్నని గొట్టాలు (స్ట్రాలు) ఉంటాయి. రైతు పొద్దున ఫోన్ చేసి "సారూ, బర్రె ఎదకొచ్చింది" అంటే సాయంత్రానికి నేను ఆ కొట్టం దగ్గర ఉండాలి. సాయంత్రం ఎద కనబడితే మర్నాడు పొద్దున్నే వెళ్లాలి. ఆ వేళ దాటితే మళ్లీ ఎద కోసం 21 రోజులు చూడాలి. అన్ని రోజులూ ఆ బర్రెను ఊరికే మేపాలి, ఆ నష్టమంతా రైతుదే. అందుకే బండి ఆగిపోతే నాకు రిపేరు ఖర్చు కన్నా ఆ ఫోన్ల టెన్షనే ఎక్కువ.

నా బండి రోజుకు దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు తిరుగుతుంది. ఏడాదికి లెక్క వేస్తే 18,000 కిలోమీటర్లు. కంపెనీ మామూలుగా ఇచ్చిన వారంటీ మూడేళ్లు లేదా 42,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. షోరూమ్‌లో చెప్పేటప్పుడు "మూడేళ్లు" అన్న మాటే గట్టిగా వినిపిస్తుంది. నాకేమో రెండేళ్ల నాలుగు నెలలకే 42,000 దాటుతుంది. ఎక్స్‌టెండెడ్ తీసుకుంటే ఐదేళ్లు లేదా 70,000 కిలోమీటర్లు అన్నారు. అంటే కాగితం మీద రెండేళ్ల పొడిగింపు. నా తిరుగుడుకు అది ఏడాదిన్నరకే అయిపోతుంది. ఈ లెక్క ఎవరికి వాళ్లు కొనేముందే వేసుకోవాలి. మీటర్ చూసి ఏడాదికి ఎంత తిరిగామో పట్టుకుంటే చాలు, మిగతాది మామూలు భాగాహారం.

కొన్నప్పుడు హైదరాబాద్ రోడ్డులోని షోరూమ్‌లో కొటేషన్ కాగితం చేతికిచ్చారు. అందులో ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ వరుసగా ఉన్నాయి. వాటి కిందే ఎక్స్‌టెండెడ్ వారంటీ 1,900 రూపాయలు కూడా చేర్చేసి ఉంది. "ఇది తప్పనిసరా తమ్మీ?" అని అడిగాను. "అందరికీ వేస్తున్నం అన్నా" అన్నాడు షోరూమ్ కుర్రాడు. అందరికీ వేయడం వేరు, తప్పనిసరి కావడం వేరు. రిజిస్ట్రేషన్‌కూ దానికీ సంబంధం లేదు. వద్దంటే తీసేయాలి. బండి కొన్న రోజే తీసుకోవాలన్న తొందర కూడా లేదు. మొదటి వారంటీ నడుస్తుండగా తర్వాత కొనుక్కునే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి. ఆలస్యమైన కొద్దీ ధర కొంత పెరుగుతుంది, అంతే. నేను ఆలోచించే తీసుకున్నాను, కారణం చెబుతాను.

2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం తగ్గించే బీఎస్ 6 నిబంధన వచ్చాక కార్బురేటర్ బండ్లు పోయాయి. ఇప్పుడు చిన్న బండిలో కూడా ట్యాంకులో ఫ్యూయల్ పంప్, ఇంజెక్టర్, సెన్సర్లు, వాటన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఈసీయూ ఉంటాయి. పాత బండి ఆగితే ప్లగ్ తీసి తుడిచి, కార్బురేటర్ విప్పి ఊదితే సగం రోగాలు పోయేవి. ఇప్పుడు రోడ్డు పక్కన చేయగలిగింది తక్కువ. పార్టు పోతే మార్చాల్సిందే, అది వందల్లో దొరకదు. 125 సిసి దాటిన బండ్లకైతే 2019 ఏప్రిల్ నుంచి బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా తప్పనిసరి, దాన్ని నడిపే మాడ్యులేటర్ ఇంకా ఖరీదు. ఎక్స్‌టెండెడ్ వారంటీకి విలువ అంటూ ఉంటే అది వీటి దగ్గరే ఉంది. ఇంజన్ లోపలి భాగాలు కూడా కవర్ అవుతాయి కానీ, ఆయిల్ వేళకు మారుస్తుంటే 70,000 లోపు ఇంజన్ పోవడం అరుదు.

కవర్ కానివి మాత్రం చాలా ఉన్నాయి. చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, బల్బులు, ఫిల్టర్లు, ప్లగ్, రబ్బరు సామాను ఇందులోకి రావు. టైర్లకు, బ్యాటరీకి వాటి కంపెనీల వారంటీ వేరే ఉంటుంది. మాలాంటి వాళ్ల బండ్లకు ఎక్కువగా ఖర్చయ్యేది వీటి మీదే. మట్టి బాటల్లో, గుంతల్లో తిరిగి తిరిగి నా బండి కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్, పోయింది. షోరూమ్‌కు తీసుకెళ్తే అరుగుదల కిందకి వస్తుంది, ఇవ్వలేం అన్నారు. బుక్‌లెట్ తీసి చూస్తే నిజంగానే అలాగే రాసి ఉంది. కొట్లాడేందుకు ఏమీ లేదు, డబ్బులు కట్టి మార్పించుకున్నాను.

అసలు పరీక్ష 51,000 కిలోమీటర్ల దగ్గర వచ్చింది. అంటే మామూలు వారంటీ అయిపోయి, పొడిగించినది నడుస్తున్న కాలం. గుర్రంపోడు వైపు నుంచి వస్తుంటే బండి రెండుసార్లు దానంతట అదే ఆగింది. మూడోసారి స్టార్ట్ కాలేదు. కీ ఆన్ చేస్తే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు సన్నగా 'జుయ్' మని చప్పుడు రావాలి, అది రాలేదు. మా మెకానిక్ చాచాకు ఫోన్ చేసి చెబితే చూడకుండానే పట్టేశాడు. "పంప్ పోయింది బేటా. నేను విప్పితే నీ వారంటీ ఖతం. షోరూమ్‌కే తీస్కపో" అన్నాడు. తన దగ్గరికి వచ్చే పనిని వదులుకొని ఆ మాట చెప్పాడు, అందుకు ఆయనంటే నాకు ఇంకా గౌరవం పెరిగింది.

బండిని ట్రాలీ ఆటోలో నల్లగొండ చేర్చడానికి 800 అయింది. ఇది వారంటీలో రాదు. రోడ్డు మీద ఆగితే వచ్చి తీసుకెళ్లే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వేరే ప్లాన్, దానికి వేరే డబ్బులు. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ మొదట అన్న మాట "పెట్రోల్‌లో నీళ్లు ఉండొచ్చు, అట్లయితే క్లెయిమ్ రాదు" అని. కల్తీ పెట్రోల్ వల్ల పాడైతే ఇవ్వరన్నది నిజమే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. అందుకే ఊళ్లలో కిరాణా కొట్ల ముందు సీసాల్లో పెట్టి అమ్మే పెట్రోల్ నేను పోయించుకోను, ఎంత అత్యవసరమైనా సరే. ఆ ధైర్యంతోనే "ట్యాంకు ఖాళీ చేసి నా ముందరే చూడండి" అన్నాను. గాజు సీసాలోకి తీసి కాసేపు ఉంచారు. అడుగున నీళ్ల గీత లేదు, మడ్డి లేదు. ఆ సీసాను, మీటర్‌ను, బండికి ఏం చేయాలో షోరూమ్ వాళ్లు రాసే జాబ్ కార్డును నా ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాను. ఆ తర్వాత ఆయన మాట మారింది, కంపెనీకి క్లెయిమ్ పంపారు.

పాస్ అయింది. పంప్, లేబర్ కలిపి 4,600 అయ్యేది, నేను కట్టింది ఒక రబ్బరు పైపుకు, వాటర్ వాష్‌కు మాత్రమే. అంతవరకు మాట నిలబెట్టుకున్నారు. కానీ కంపెనీ నుంచి ఓకే రావడానికి, హైదరాబాద్ నుంచి పార్టు రావడానికి వారం దాటింది. అన్ని రోజులూ మా బావమరిది బండి అడుక్కొని తిరిగాను. క్యాన్ స్టాండు దానికి సరిగ్గా కుదరక దూరం ఊళ్లకు వెళ్లలేకపోయాను. నేరడ ఊళ్లో ఒక అమ్మ బర్రె ఎద వేళ తప్పిపోయింది. వేరే గోపాలమిత్రకు చెప్పాను, ఆయనకు కూడా ఆ పూట వీలు పడలేదు. డబ్బులిచ్చి కొనుక్కుంటే చాచా అదే పంప్ ఒకటి రెండు రోజుల్లో తెప్పించి బిగించేవాడు. వారంటీ పార్టు డబ్బులు ఇస్తుంది కానీ ఆగిపోయిన రోజులకు ఏమీ ఇవ్వదు. బండి మీదే బతుకు నడిచేవాళ్లు దీన్ని ముందే ఆలోచించాలి.

ఇంకో ఖర్చు ఉంది, అది కొటేషన్‌లో కనబడదు. వారంటీ నిలవాలంటే ప్రతి సర్వీసూ వేళ తప్పకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించాలి. నా బండికి 3,000 కిలోమీటర్లకు ఒక సర్వీసు. షోరూమ్‌లో 1,100 అయ్యేది, చాచా దగ్గర అదే కంపెనీ ఆయిల్‌తో 700. సర్వీసుకు 400 తేడా. పొడిగించిన 28,000 కిలోమీటర్లలో తొమ్మిది సర్వీసులు పడతాయి, అంటే 3,600. దానికి వారంటీ ధర 1,900 కలిపితే 5,500. నాకు మిగిలింది 4,600. పంప్ పోయి, క్లెయిమ్ పాసై కూడా నేను 900 వెనకే ఉన్నాను. పంప్ పోకుంటే మొత్తం ఖర్చే. షోరూమ్ సర్వీసులో స్కానర్ పెట్టి చూస్తారు, పాత ఎర్రర్లు ఉంటే బయటపడతాయి, ఆ మేలు ఉంది. అయినా ఈ లెక్కను పక్కన పెట్టలేను.

క్యాన్ స్టాండు సంగతి కూడా చెప్పాలి, పాల క్యాన్లు, సామాన్లు కట్టుకొని తిరిగేవాళ్లకు పనికొస్తుంది. స్టాండును చాసిస్‌కు వెల్డింగ్ చేయిస్తే వారంటీ పోతుంది. నేను లెగ్ గార్డుకు బోల్టులతో బిగించాను. అలాగే ఫాగ్ లైట్ల కోసం వైరింగ్ కోసి జాయింట్ వేస్తే కరెంటు సామాను ఏది పోయినా తప్పు మన మీదకే వస్తుంది. బండిని బాడుగకో, డెలివరీకో వాడితే చాలా ప్లాన్లు వర్తించవు. నా పని ఏ లెక్కలోకి వస్తుందో కొనేముందే అడిగి, వారంటీ కాగితం మీద రాయించుకొని సంతకం పెట్టించుకున్నాను. పంప్ క్లెయిమ్ వేసినప్పుడు ఆ సంతకం ఉండడం వల్ల ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఎలుకలు వైర్లు కొరికినా, వానకు బండి మునిగినా, కిందపడి పగిలినా వారంటీలో రాదు. కొట్టం పక్కన బండి పెట్టే ఊళ్లలో ఎలుకల బెడద ఎక్కువ. "ఇన్సూరెన్స్ ఐదేళ్లు ఉందిగా" అంటారు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్లు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. మన బండి నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ పాలసీ సాధారణంగా ఏడాదిదే, ఏటా కట్టుకోవాలి.

మొన్న మా బావమరిది 160 సిసి బండి కొన్నాడు. "బావా, ఏం చేయమంటవ్?" అని అడిగితే తీసుకోమన్నాను. అతని ఇల్లు రామగిరిలో, సర్వీస్ సెంటర్ దగ్గరే. ఎలాగూ అక్కడే సర్వీసింగ్ చేయిస్తాడు, ఏడాదికి ఏడెనిమిది వేలు మించి తిరగడు, పైగా ఏబీఎస్ ఉన్న బండి. కిలోమీటర్ల హద్దు తగలకుండా పొడిగించిన ఏళ్లు మొత్తం వాడుకుంటాడు. నా తర్వాతి బండి మళ్లీ 125 సిసినే అయితే నేను తీసుకోను. ఆ 5,500 పక్కన పెట్టుకొని, మొదటి వారంటీ అయ్యాక చాచా దగ్గరే చేయిస్తాను. ఏది పోయినా తొందరగా రోడ్డెక్కుతాను.

తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. సర్టిఫికెట్ ఇస్తున్నది బండి తయారుచేసిన కంపెనీయా, లేక డీలర్ సొంత ప్లానా? డీలర్‌దైతే మిర్యాలగూడలో ఆగిన బండికి మిర్యాలగూడ షోరూమ్ చేస్తుందో లేదో అడగాలి. సర్టిఫికెట్ మీద ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్, మొదలయ్యే తేదీ, కిలోమీటర్ల హద్దు సరిగా పడ్డాయా అని అక్కడే ఆర్సీతో సరిచూడండి. బండి అమ్మితే కొన్నవారి పేరుకు మారుతుందో లేదో అడగండి, మారితే అమ్మేటప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. క్లెయిమ్ కాదంటే ఎందుకు కాదో జాబ్ కార్డు మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే నల్లగొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు కట్టి కొన్నవాటి మీద ఫిర్యాదుకు అక్కడ ఫీజు లేదు.